ఒకే ప్రవర్తన, రెండు పేర్లు
అమెరికాలో ఆటిజం చరిత్ర మీద వర్ణవివక్ష నీడ

మన సావనీర్లలో సాధారణంగా పద్యాల గురించి, పండుగల గురించి, ఊరి జ్ఞాపకాల గురించి, పిల్లల స్పెల్లింగ్ బీ విజయాల గురించి చదువుకుంటూ ఉంటాం. అవన్నీ ఉండవలసినవే. ఈ వ్యాసం మాత్రం మనలో చాలా కుటుంబాలకు తెలిసీ నలుగురిలో మాట్లాడుకోని ఒక విషయం గురించి.

ఆటిజం అంటే ఏమిటి, ఏ థెరపీ మంచిది అన్నవి డాక్టర్లు చెప్పవలసిన సంగతులు. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మా అబ్బాయికి మూడో ఏట ఆటిజం అని చెప్పారు. వాడికిప్పుడు 17 ఏళ్ళు. ఈ పధ్నాలుగేళ్ళలో ముందు డాక్టర్లు రాసినవి చదివాను. తరువాత తల్లిదండ్రులు రాసినవి చదివాను. ఆటిజం ఉన్నవాళ్ళు తమ గురించి తామే రాసుకున్నవి చాలా ఆలస్యంగా నా చేతికి వచ్చాయి. అందులోనూ నల్లజాతి, లాటినో, ఆసియా మూలాలున్న ఆటిస్టిక్ రచయితలు రాసినవి చదివాక, ఈ దేశంలో ఆటిజం చరిత్రను, వర్ణవివక్ష చరిత్రను విడదీసి చదవడం కుదరదని అర్థమైంది.

వాళ్ళు చెప్పేదాని సారాంశం ఇది. ఒకే ప్రవర్తనకు ఈ సమాజం రెండు పేర్లు పెడుతుంది. తెల్లపిల్లవాడు చేస్తే అది లక్షణం. నల్లపిల్లవాడు చేస్తే అది తప్పు. లక్షణమైతే డాక్టరు దగ్గరికి పంపుతారు, తప్పైతే ప్రిన్సిపాల్ దగ్గరికో పోలీసు దగ్గరికో పంపుతారు. ఇది ఎవరో ఒక చెడ్డ టీచరు, ఒక చెడ్డ పోలీసు వల్ల వచ్చిన సమస్య కాదని, దీని వెనక సుదీర్ఘమైన చరిత్ర ఉందని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక తప్పుడు జనాభా లెక్క

1840లో అమెరికా జనాభా లెక్కల్లో మొదటిసారిగా మతి చలించినవారు, బుద్ధిమాంద్యం ఉన్నవారు ఎందరని అడిగారు. ఫలితాలు చూసి దేశం ఆశ్చర్యపోయింది. ఉత్తరాది రాష్ట్రాల్లో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవారిలో మతి చలించినవారి నిష్పత్తి, దక్షిణాదిలో బానిసలుగా ఉన్నవారి కంటే దాదాపు పదిరెట్లు ఉన్నట్టు తేలింది. అప్పటి విదేశాంగ మంత్రి జాన్ కాల్హూన్ 1844లో ఈ అంకెలను చూపించి, బానిసత్వమే నల్లవారి మనసుకు మంచిదని వాదించాడు.

మసాచుసెట్స్‌కు చెందిన ఎడ్వర్డ్ జార్విస్ అనే డాక్టరు ఆ పట్టికలను ఊరూరా సరిచూశాడు. నల్లవారు ఒక్కరు కూడా లేని ఊళ్ళలో మతి చలించిన నల్లవారు నమోదై ఉన్నారు. ఉస్టర్ పట్నంలో ఆసుపత్రిలో ఉన్న 133 మంది తెల్లరోగులు నల్లవారి గడిలో పడ్డారు. జేమ్స్ మెక్యూన్ స్మిత్ అనే నల్లజాతి వైద్యుడు కూడా ఆ లెక్కలను ఖండించాడు. సవరించమని కాంగ్రెసుకు అర్జీలు వెళ్ళాయి. సవరణ జరగలేదు. డేటాతో పని చేసే మనలాంటివాళ్ళకు ఇందులో పాఠం ఉంది. ఒక తప్పు అంకె అధికారంలో ఉన్నవారికి పనికొచ్చేదైతే, అది తప్పని నిరూపించినా చెలామణి అవుతూనే ఉంటుంది.

1851లో లూసియానాకు చెందిన శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. బానిసలు పారిపోవడం ఒక మానసిక వ్యాధి అని చెప్పి దానికి 'డ్రాపెటోమానియా' అని పేరు పెట్టాడు. ఆ జబ్బు రాకుండా కొరడా దెబ్బలు సిఫారసు చేశాడు. వందేళ్ళ తరువాత కూడా ఈ ధోరణి పోలేదు. 1960లలో పౌరహక్కుల ఉద్యమ కాలంలో డెట్రాయిట్ నుంచి అయోనియా రాష్ట్ర ఆసుపత్రికి చేరిన నల్లజాతి యువకులకు 'స్కిజోఫ్రేనియా' అన్న ముద్ర ఎలా ఎక్కువగా పడిందో జోనథన్ మెట్జల్ అనే మానసిక వైద్యుడు 2009లో వెలువడిన పుస్తకంలో ఆసుపత్రి రికార్డుల ఆధారంగా చూపించాడు.

పదకొండు మంది పిల్లలు

ఈ నేపథ్యంలో ఆటిజం చరిత్రకు వద్దాం. 1943లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేస్తున్న లియో కానర్ ఒక వ్యాసం ప్రచురించాడు. అంతకుముందు 1920లలోనే సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా ఇలాంటి పిల్లల గురించి రాసినా, అమెరికాలో ఆటిజానికి పునాది వేసింది కానర్ వ్యాసమే. అందులో ఉన్నది 11 మంది పిల్లల కథ. వారిలో తొమ్మిది మంది ఆంగ్లో-శాక్సన్ తెల్లవారు, ఇద్దరు యూదులు. తండ్రుల్లో మానసిక వైద్యులు, లాయరు, ప్రొఫెసరు, గనుల ఇంజినీరు ఉన్నారు. పదకొండు మంది తల్లుల్లో తొమ్మిది మంది కాలేజీ డిగ్రీ ఉన్నవారు. 1940ల నాటి అమెరికాలో ఇది సామాన్య విషయం కాదు.

వారిలో మొదటి పిల్లవాడు డోనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు. తల్లి తరఫువారిది ఆ ఊరి బ్యాంకు. తండ్రి లాయరు. కొడుకు గురించి ఆయన డాక్టరుకు 33 పేజీల ఉత్తరం రాసి పంపాడు. 1938లో పిల్లవాణ్ణి బాల్టిమోర్ తీసుకువెళ్ళారు. తరువాతి కాలంలో డోనాల్డ్ కాలేజీ చదువు పూర్తి చేసి, ఆ బ్యాంకులోనే ఉద్యోగం చేసి, గోల్ఫ్ ఆడి, దేశాలు తిరిగి, 2023లో తన 89వ ఏట కన్నుమూశాడు. అతన్ని ఊరు ఊరంతా కాపాడుకుంది. చదివితే మనసు నిండే జీవితం.

అయితే అదే కాలంలో, అదే మిసిసిపీలో, పత్తి చేలో పనిచేసే నల్లజాతి దంపతులకు ఇలాంటి పిల్లవాడే పుట్టాడనుకోండి. వాళ్ళకు బాల్టిమోర్ వెళ్ళే స్తోమత లేదు. 33 పేజీలు రాసేంత చదువు వాళ్ళకు దక్కలేదు. ఊళ్ళో ఆసుపత్రి గుమ్మాలే వేరు. జాన్స్ హాప్కిన్స్‌లో సైతం ఆ రోజుల్లో నల్లవారికి విడి వార్డులు. ఆ పిల్లవాడు కానర్ లెక్కలోకి వచ్చే దారే లేదు. లెక్కలోకి రాలేదు కాబట్టి లేడనుకున్నారు. మా ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే శాంపుల్‌లోనే పక్షపాతం ఉంది. ఆ శాంపుల్ చూసి కానర్, ఇది బాగా చదువుకున్న కుటుంబాల్లో కనబడే స్థితి అన్నాడు. కొన్ని దశాబ్దాలు డాక్టర్లు ఆ మాట పట్టుకుని అలాంటి కుటుంబాల్లోనే వెతికారు. వెతికిన చోటే దొరికింది.

కానర్ దుర్మార్గుడేమీ కాదు. తనే ఐరోపా నుంచి వలస వచ్చిన యూదుడు. నాజీల బారి నుంచి చాలామంది యూదు వైద్యులను అమెరికాకు రప్పించడానికి సాయపడ్డాడు. బుద్ధిమాంద్యం ఉన్నవారిని చంపేయాలన్న వాదాన్ని బహిరంగంగా ఎదిరించాడు. అలాంటి మనిషి రాసినదానిలో కూడా తన కాలపు గోడలు కనిపిస్తున్నాయంటే, వివక్షకు దుర్బుద్ధితో పని లేదన్నమాట. ఎవరు గుమ్మం దాటి లోపలికి రాగలరన్న ఏర్పాటు ఒక్కటి చాలు.

అట్లాంటిక్ అవతల కథ ఇంకా భయంకరం. వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ 1944లో ఇలాంటి పిల్లల గురించే రాశాడు. చాలాకాలం ఆయన్ని పిల్లలను నాజీల నుంచి కాపాడినవాడిగా చెప్పుకున్నారు. 2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు పాత రికార్డులు తీసి చూపించిన నిజం వేరు. ఆస్పర్గర్ కొందరు పిల్లలను 'అమ్ ష్పీగెల్‌గ్రుండ్' అనే సంస్థకు పంపాడు. అక్కడ దాదాపు 800 మంది పిల్లలు చనిపోయారు. జాతిని శుద్ధి చేయడం అన్న సిద్ధాంతం యూదులను, రోమాలను వేరు చేసినట్టే వికలాంగులైన పిల్లలను కూడా వేరు చేసింది. జాతి వివక్ష, అంగవైకల్యం పట్ల వివక్ష ఒకే చోట పుట్టిన కవలలని ఆటిస్టిక్ రచయితలు అంటారు. ఈ చరిత్ర తెలిస్తే అది అతిశయోక్తి అనిపించదు.

నింద కూడా దక్కని తల్లి

1950, 60లలో ఆటిజానికి కారణం తల్లి ప్రేమ చాలకపోవడమేనన్న సిద్ధాంతం రాజ్యమేలింది. షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ 1967లో వచ్చిన తన పుస్తకంతో దీన్ని ఇంటింటికీ చేర్చాడు. అలాంటి తల్లులకు 'రిఫ్రిజిరేటర్ మదర్' అని పేరు. పిల్లవాడి తండ్రి, మనస్తత్వ శాస్త్రవేత్త అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఇది శారీరక కారణాల వల్ల వచ్చేదని వాదించినా, ఆ నింద పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఈ తల్లుల మీద 2002లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అందులో ఒక నల్లజాతి తల్లి చెప్పిన సంగతి నన్ను చాలా రోజులు వదలలేదు. ఆమె కొడుకులో ఆటిజం లక్షణాలు ఉన్నా డాక్టర్లు ఒప్పుకోలేదట. వాళ్ళ పుస్తకం ప్రకారం ఆటిజం పిల్లవాడి తల్లి తెల్లది, చదువుకున్నది, డబ్బున్నది అయి ఉండాలి. ఈమె ఆ మూసలో ఇమడలేదు. కాబట్టి పిల్లవాడికి మానసిక కల్లోలం అని రాసి పంపేశారు. తెల్లతల్లికి తప్పుడు నిందతో పాటైనా సరైన రోగనిర్ధారణ దక్కింది. నల్లతల్లికి ఆ నింద పొందే అర్హత కూడా లేకపోయింది.

బడుల్లో ఏం జరుగుతుండేదో కోర్టు రికార్డుల్లో ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో నల్లజాతి పిల్లల తరఫున 1971లో 'లారీ పి.' పేరుతో ఒక దావా పడింది. 1968-69 లెక్కల్లో కాలిఫోర్నియా బడి పిల్లల్లో నల్లవారు సుమారు 9 శాతం. మందబుద్ధుల తరగతుల్లో మాత్రం 27 శాతం. 1979లో జడ్జి రాబర్ట్ పెక్కమ్ ఐక్యూ పరీక్షల ఆధారంగా నల్లపిల్లలను ఆ తరగతుల్లో వేయడం వివక్షేనని తీర్పు చెప్పాడు. ఆ తరగతుల్లో కూర్చున్నవారిలో ఏ లోపం లేని పిల్లలు ఉన్నారు. గుర్తించని ఆటిజం ఉన్న పిల్లలూ ఉండి ఉంటారు. ఎవరికి ఏం కావాలో ఎవరూ చూడలేదు.

ఇవన్నీ పాత రోజులు అనుకోవడానికి లేదు. ఫిలడెల్ఫియాలో డేవిడ్ మాండెల్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మెడికెయిడ్ ఉన్న పేద కుటుంబాలనే, అంటే ఆర్థికంగా ఒకే స్థాయివారినే తీసుకుని చూశారు. తెల్లపిల్లలకు సగటున 6.3 ఏళ్ళకు ఆటిజం నిర్ధారణ అయితే, నల్లపిల్లలకు 7.9 ఏళ్ళకు అయింది. ఆ ఏడాదిన్నర ఆలస్యం చిన్నది కాదు. అదే బృందం 2007లో ఇంకో సంగతి చూపించింది. నల్లపిల్లలకు ఆటిజానికి బదులు ప్రవర్తన లోపం వంటి పేర్లు పడే అవకాశం ఎక్కువ. 2020లో వచ్చిన మరో అధ్యయనంలో, నల్లజాతి తల్లిదండ్రులు మొదట అనుమానం వెలిబుచ్చిన తరువాత నిర్ధారణ కావడానికి సగటున మూడేళ్ళకు పైగా పట్టిందని తేలింది.

వాళ్ళ గొంతు వాళ్ళదే

ఇంతవరకూ మాట్లాడింది డాక్టర్లు, తల్లిదండ్రులు, జడ్జీలు. ఆటిస్టిక్ వ్యక్తులు తమ మాట తాము చెప్పడం 1990లలో ఊపందుకుంది. 1993లో టొరంటోలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి తల్లిదండ్రులను ఉద్దేశించి మాట్లాడారు. మీరు కలగన్న పిల్లవాడు రాలేదని ఏడవండి, కానీ ఎదురుగా ఉన్న పిల్లవాడి కోసం ఏడవకండి, వాడికి మీరు కావాలి అన్నది ఆ ప్రసంగ సారాంశం. 2006లో ఆటిస్టిక్ వ్యక్తులే నడుపుకునే ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వొకసీ నెట్‌వర్క్ మొదలైంది. 'మా గురించి మాట్లాడేటప్పుడు మేమూ ఉండాలి' అన్నది వాళ్ళ పట్టు.

కానీ ఈ ఉద్యమంలో కూడా కనిపించిన ముఖాలు ఎక్కువగా తెల్లవే. సినిమాల్లో 1988 నాటి 'రెయిన్ మాన్' నుంచి, పత్రికల్లో సిలికాన్ వ్యాలీ 'గీక్' కథనాల వరకూ ఆటిజం అంటే లెక్కల్లో మేధావి అయిన తెల్లకుర్రవాడు అన్న బొమ్మే స్థిరపడింది. నల్లజాతి, ఆసియా, లాటినో ఆటిస్టిక్ వ్యక్తులకు రెండు చోట్లా చోటు దొరకలేదు. తమ జాతివారి సభలో ఆటిజం మాట ఎత్తితే ఇబ్బంది పడేవారు. ఆటిస్టిక్ సభలో జాతి మాట ఎత్తితే, 'ఇక్కడ అదెందుకు' అనేవారు.

2017లో ఈ మౌనాన్ని బద్దలు కొడుతూ 'ఆల్ ద వెయిట్ ఆఫ్ అవర్ డ్రీమ్స్' అనే సంకలనం వచ్చింది. తెల్లవారు కాని ఆటిస్టిక్ వ్యక్తులే రాసి, వాళ్ళే కూర్చిన పుస్తకం అది. సంపాదకులు లిడియా బ్రౌన్, ఇ. అష్కెనాజీ, మోరెనికే గీవా ఒనైవు. మోరెనికే ఆఫ్రికా నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన నల్లజాతి మహిళ. తన పిల్లలకు ఆటిజం అని తెలిశాక, పెద్దయ్యాక తనకూ నిర్ధారణ అయింది. చిన్నప్పుడు ఎవరూ గుర్తించని మనుషులు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు.

వీళ్ళ వాదన అర్థం కావడానికి కింబర్లీ క్రెన్‌షా 1989లో చేసిన విశ్లేషణ సాయపడుతుంది. జనరల్ మోటార్స్ మీద ఐదుగురు నల్లజాతి మహిళలు దావా వేశారు. 1976లో కోర్టు దాన్ని కొట్టేసింది. కంపెనీ ఆడవాళ్ళను తీసుకుంది కదా అన్నారు. వాళ్ళు తెల్లవాళ్ళు. నల్లవాళ్ళను తీసుకుంది కదా అన్నారు. వాళ్ళు మగవాళ్ళు. నల్లజాతి ఆడవాళ్ళకు జరిగిన అన్యాయం ఏ లెక్కలోనూ పడలేదు. రెండు రోడ్లు కలిసే కూడలిలో నిలబడ్డ మనిషికి ఏ వైపు బండి తగిలిందో చెప్పడం కష్టమని క్రెన్‌షా అంది. ఆటిస్టిక్ రచయితలు చెప్పేదీ అదే. తమకు ఎదురయ్యేది జాతి వివక్ష కొంత, ఆటిజం పట్ల వివక్ష కొంత కలిపిన కూడిక కాదు. రెండూ కరిగి ఒకటై మూడో రూపంలో వస్తాయి.

ఈ రెండు పోరాటాలు చేతులు కలిపిన సందర్భాలూ ఉన్నాయి. 1977 ఏప్రిల్‌లో వికలాంగుల హక్కుల కోసం శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక ఫెడరల్ భవనంలో వందమందికి పైగా వికలాంగులు మూడు వారాలకు పైగా బైఠాయించారు. లోపల ఉన్నవారికి రోజూ వేడి భోజనం తెచ్చిపెట్టినవాళ్ళు బ్లాక్ పాంథర్ పార్టీ వారు. ఆ పార్టీ సభ్యుడు బ్రాడ్ లోమాక్స్ చక్రాల కుర్చీలో కూర్చుని ఆ నిరసనలో పాల్గొన్నాడు. ఈ రోజు మన పిల్లలకు బడిలో దొరుకుతున్న సదుపాయాల వెనక ఆ అన్నం ఉంది.

లైబ్రరీ బయట కూర్చున్న కుర్రవాడు

నల్లజాతి తల్లిదండ్రులు తరతరాలుగా పిల్లలకు కొన్ని జాగ్రత్తలు చెబుతారు. పోలీసు ఆపితే కంగారు పడకు. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పు. చేతులు కదపకు. చెప్పింది చెప్పినట్టు చెయ్యి. పారిపోకు. ఇప్పుడు ఈ జాబితాను ఆటిజం ఉన్న పిల్లవాడి వైపు నుంచి చదవండి. కొత్తవాళ్ళు గట్టిగా మాట్లాడితే వాడు బెదురుతాడు. ప్రశ్న అర్థమై జవాబు రావడానికి సమయం పడుతుంది. కంగారులో చేతులు ఊపడం వాడికి ఊపిరి తీసుకోవడం లాంటిది. ముట్టుకుంటే విదిలించుకుంటాడు. భయమేస్తే పరుగెత్తుతాడు. ప్రాణం కాపాడుకోవడానికి చెప్పిన ప్రతి సూత్రమూ వాడికి చేతకాని పనే. అందుకే నల్లజాతి ఆటిస్టిక్ రచయితలు, తమ సహజమైన కదలికలను దాచుకోవడం నలుగురిలో కలవడానికి కాదు, ప్రాణభయంతో అని రాస్తారు.

2010 మే నెలలో వర్జీనియాలోని స్టాఫర్డ్ కౌంటీలో నీలి లాట్సన్ అనే 18 ఏళ్ళ నల్లజాతి కుర్రవాడు లైబ్రరీ తెరిచేదాకా బయట కూర్చున్నాడు. అతనికి ఆటిజం ఉంది. అనుమానాస్పదంగా ఒక నల్లమనిషి ఉన్నాడు, తుపాకీ ఉండవచ్చు అని ఎవరో పోలీసులకు చెప్పారు. తుపాకీ లేదు. పోలీసు అధికారి వచ్చి ప్రశ్నించాడు. అతను వెళ్ళిపోబోయాడు. పట్టుకోబోతే పెనుగులాట అయింది. అధికారికి తీవ్రంగా గాయాలయ్యాయి. అది నిజం. ఆ గాయాలను తక్కువ చేయనక్కర లేదు. కానీ మొదలు ఎక్కడో చూడండి. ఒక కుర్రవాడు లైబ్రరీ కోసం ఎదురుచూడటం దగ్గర మొదలైంది. జ్యూరీ పదేళ్ళకు పైగా శిక్ష సిఫారసు చేసింది. జడ్జి అందులో చాలా భాగం నిలుపుదల చేసినా, ఆ తరువాత వచ్చిన మరో కేసుతో కలిపి అతను జైళ్ళలో, ఏకాంత నిర్బంధంలో ఏళ్ళు గడిపాడు. ఆటిస్టిక్ హక్కుల సంఘాలు, తల్లి ఎడతెగకుండా పోరాడితే 2015 జనవరిలో గవర్నర్ మెకాలిఫ్ షరతులతో క్షమాభిక్ష ఇచ్చాడు. 2021 జూన్‌లో గవర్నర్ నార్తమ్ పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు. అప్పటికి పదకొండేళ్ళు గడిచాయి.

2016 జూలైలో ఫ్లోరిడాలోని నార్త్ మయామీలో ఆర్నాల్డో రియోస్ అనే ఆటిస్టిక్ యువకుడు రోడ్డు మీద కూర్చుని బొమ్మ ట్రక్కు పట్టుకుని ఉన్నాడు. అది తుపాకీ అనుకుని ఎవరో ఫోన్ చేశారు. అతని సంరక్షకుడు చార్ల్స్ కిన్సీ నల్లజాతి వ్యక్తి. వెల్లకిలా పడుకుని రెండు చేతులూ పైకెత్తి, అది బొమ్మ అని అరిచి చెప్పాడు. అయినా పోలీసు కాల్చాడు. గుండు కిన్సీ కాలికి తగిలింది. తను గురిపెట్టింది ఆటిస్టిక్ యువకుడి మీద అని ఆ పోలీసు సంజాయిషీ ఇచ్చుకున్నాడు. పడిన శిక్ష స్వల్పం. అది కూడా 2022లో అప్పీలులో కొట్టివేయబడింది. అన్ని సూత్రాలూ పాటించిన మనిషికి గుండు తగిలింది. ఏ సూత్రమూ తెలియని మనిషి దానికి గురి.

మనకెందుకు?

'ఇవి నల్లవారి సమస్యలు, మనకెందుకు' అనుకునేవారికి 2015 ఫిబ్రవరి గుర్తు చేస్తాను. అలబామాలోని మాడిసన్‌లో ఇంజినీరైన కొడుకు ఇంటికి సురేశ్‌భాయ్ పటేల్ అనే 57 ఏళ్ళ గుజరాతీ పెద్దమనిషి మనవణ్ణి చూసుకోవడానికి వచ్చారు. పొద్దున్నే వీధిలో నడుస్తుంటే, సన్నటి నల్లమనిషి తిరుగుతున్నాడని పొరుగువారు ఫోన్ చేశారు. పోలీసులు అడిగినదానికి 'నో ఇంగ్లీష్' అన్నారు. ఒక పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు. ఆయన శరీరం పాక్షికంగా చచ్చుబడింది. ఆ పోలీసు మీద ఫెడరల్ కేసులో రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. 2016లో జడ్జి కేసు కొట్టేశాడు.

పటేల్ గారికి ఆటిజం లేదు. కానీ అడిగినదానికి అనుకున్నట్టు జవాబు చెప్పని, ముదురు రంగు మనిషి ఎవరైనా ప్రమాదకారే అన్న లెక్కలో ఆయనా పడ్డారు. మన ఇళ్ళకు వచ్చే అమ్మానాన్నలు అందరూ పొద్దున్నే నడిచేవాళ్ళే. మా అబ్బాయి నాకంటే నాలుగంగుళాలు పొడుగు. సంతోషమొస్తే చేతులు ఊపుతాడు. వాడికీ లైబ్రరీ అంటే ఇష్టం.

లెక్కలు కూడా మన గుమ్మం దాకా వచ్చాయి. ఆటిజం తెల్లపిల్లల్లో ఎక్కువని ఏళ్ళ తరబడి అనుకున్నారు. సీడీసీ 2023లో ఇచ్చిన నివేదికలో మొదటిసారిగా ఎనిమిదేళ్ళ పిల్లల్లో నల్లజాతి, లాటినో, ఆసియా పిల్లల శాతం తెల్లపిల్లల కంటే ఎక్కువగా నమోదైంది. ప్రతి వెయ్యిమందిలో తెల్లపిల్లలు 24.3, ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలవారు 33.4. రోగం హఠాత్తుగా జాతి మార్చుకోలేదు. పరీక్షలు ఇన్నాళ్ళకు అందరి దగ్గరికీ చేరుతున్నాయి. కానర్ గుమ్మం బయట నిలబడ్డ పిల్లలు ఇప్పుడు లెక్కలోకి వస్తున్నారన్నమాట. అయినా అదే నివేదికలో ఆటిజం ఉన్న నల్లపిల్లల్లో 50.8 శాతానికి బుద్ధిమాంద్యం కూడా ఉన్నట్టు, తెల్లపిల్లల్లో 31.8 శాతానికే ఉన్నట్టు ఉంది. తేలికపాటి ఆటిజం ఉన్న నల్లపిల్లలు ఇంకా లెక్కకు అందడం లేదన్నది దీనికి ఒక ముఖ్య వివరణ.

మనవాళ్ళ విషయంలో ఆలస్యానికి వేరే రంగు ఉంటుంది. పిల్లవాడు ఎవరితోనూ మాట్లాడకపోతే టీచరు, ఆసియా పిల్లలు బుద్ధిమంతులు అని మెచ్చుకుంటుంది. ఇంట్లో అమ్మమ్మ, 'మగపిల్లలకు మాటలు ఆలస్యమే, మీ మావయ్యకు నాలుగేళ్ళకు గాని రాలేదు' అంటుంది. ఆఖరికి డాక్టరు, 'ఇంట్లో రెండు భాషలు మాట్లాడుతున్నారు కదా, అందుకే' అంటాడు. నాకు తెలిసిన రెండు మూడు కుటుంబాల్లో ఈ మాట విని తెలుగు మానేశారు. తెలుగు తప్ప రాని నాయనమ్మకు, మనవడికి మధ్య ఉన్న నాలుగు మాటలూ పోయాయి. రెండు భాషల ఇంట్లో పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు భాష అదనంగా వెనకబడదని మాంట్రియల్‌లో హాంబ్లీ, ఫాంబోన్ 2012లో ప్రచురించిన అధ్యయనంతో పాటు మరికొన్ని చూపించాయి. ఇంగ్లీషే మామూలు భాష, మిగతావి అడ్డంకులు అన్న సలహా వెనక కూడా ఒక చిన్నచూపు ఉంది. అది వైద్యం పేరుతో వస్తే మనం ప్రశ్నించం.

మన వైపు కూడా చూసుకోవాలి. గురివింద గింజ తన కింద నలుపెరుగదంటారు. నలుపును తప్పుగా చూపడానికి ఆ సామెతే సాక్ష్యం. పిల్ల పుట్టగానే రంగు అడిగేది మనమే. నల్లవారు ఎక్కువున్న బడికి దూరంగా ఇల్లు కొనేది మనమే. కోపమొస్తే ఎదుటివాణ్ణి 'మెంటల్' అనేది మనమే. అక్క పెళ్ళి చెడుతుందని తమ్ముడి ఆటిజాన్ని దాచే ఇళ్ళు మనలో ఉన్నాయి. మనం ఈ దేశంలో వివక్ష గురించి మాట్లాడేటప్పుడు ఇవన్నీ మూటగట్టి అటక మీద పెట్టి మాట్లాడితే చెల్లదు.

ఇప్పుడు ఏం చేయవచ్చు? మన సంఘాలకు డబ్బు, మనుషులు, వేదికలు ఉన్నాయి. ప్రతి నగరంలో ఆటిజం ఉన్న పిల్లలున్న నల్లజాతి, లాటినో కుటుంబాల సంఘాలు ఉంటాయి. పోలీసులకు ఆటిజం గురించి శిక్షణ ఇమ్మని కౌంటీని అడిగేటప్పుడు వాళ్ళతో కలిసి వెళితే మన మాటకూ బలం, వాళ్ళ మాటకూ బలం. పిల్లలకు పద్దెనిమిది రాకముందే స్థానిక పోలీసు స్టేషన్‌కు తీసుకువెళ్ళి పరిచయం చేయవచ్చు. కన్వెన్షన్ హాల్లో డప్పులు, స్పీకర్ల మధ్య చెవులు మూసుకునే పిల్లల కోసం ఒక నిశ్శబ్దమైన గది కేటాయించవచ్చు. దానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

ఇంకొకటి. మన సభల్లో ఆటిజం మీద కార్యక్రమం పెడితే వేదిక మీద ఒక డాక్టరు, పక్కన ఒక తల్లో తండ్రో కూర్చుంటారు. మూడో కుర్చీ వేయించమని నిర్వాహకులను కోరుతున్నాను. భారతీయ మూలాలున్న హరి శ్రీనివాసన్ నోటితో మాట్లాడలేడు. టైపు చేసి తన మాట చెబుతాడు. 2022లో బర్క్‌లీలో డిగ్రీ పూర్తి చేసి, వాండర్‌బిల్ట్‌లో నాడీశాస్త్రంలో పీహెచ్‌డీకి వెళ్ళాడు. ఆటిజం మీద జరిగే పరిశోధనలో అన్ని రకాల ఆటిస్టిక్ వ్యక్తులకూ చోటుండాలని రాస్తాడు. అలాంటివాళ్ళు మన తెలుగు కుటుంబాల్లోనూ ఉన్నారు. కొందరు మాట్లాడతారు, కొందరు టైపు చేస్తారు, కొందరు బొమ్మ గీసి చూపిస్తారు. వాళ్ళ మాట చదివి వినిపించడానికి మనం ఉన్నాం. కాస్త నెమ్మదిగా వచ్చినా, జవాబు వచ్చేదాకా ఆగుదాం.